గుడ్‌మన్ బ్రౌన్ అడగని ప్రశ్న

(మైలవరంలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఇవాళ మనం స్మరించుకుంటున్న "ఇంగ్లీషు మాస్టారు" ఎవరని మైలవరంలో అడిగే పని లేదు. కథ చదివిన పిల్లవాడు గబగబా నీతి చెప్పబోతే ఆయన ఆపేసేవారు. ముందు కథలో ఏం జరిగిందో చెప్పాలి. పాత్ర కళ్ళారా చూసిందేమిటో, చూశాననుకున్నదేమిటో విడివిడిగా చెప్పాలి. అర్థం సంగతి ఆ తరవాతే. ఆ క్రమశిక్షణ ఎందుకో బాగా తెలియజెప్పే కథ ఒకటుంది. అమెరికన్ రచయిత నథానియెల్ హాథార్న్ రాసిన "యంగ్ గుడ్‌మన్ బ్రౌన్". ఇంగ్లీషు సాహిత్యం చదివే విద్యార్థులు చాలామంది దాన్ని పాఠంగా చదువుకునే ఉంటారు. పరీక్షలో "ఈ కథ మనుషులందరిలో దాగిన పాపాన్ని బయటపెడుతుంది" అని రాస్తే మార్కులు పడతాయి. ఆ వాక్యం బ్రౌన్ అభిప్రాయమనీ, హాథార్న్ అభిప్రాయం దానికి ఎదురుగా ఉందనీ ఇవాళ మీ ముందు వాదించదలచుకున్నాను.

ముందుగా కథ

ఇది 1835 ఏప్రిల్‌లో "న్యూ ఇంగ్లండ్ మ్యాగజైన్"లో వచ్చింది. 1846లో "మాసెస్ ఫ్రమ్ ఏన్ ఓల్డ్ మాన్స్" సంపుటంలో చేరింది.

అమెరికాలోని సేలం గ్రామంలో పొద్దుగూకే వేళ. బ్రౌన్‌కి పెళ్ళయి మూడు నెలలు. గడప దాటి మళ్ళీ వెనక్కి తిరిగి భార్య దగ్గర సెలవు తీసుకుంటాడు. ఆమె పేరు ఫెయిత్, అంటే విశ్వాసం. ఆమె టోపీకి గులాబీ రంగు రిబ్బన్లు గాలికి ఊగుతుంటాయి. ఈ ఒక్క రాత్రీ ఇంట్లోనే ఉండమని ఆమె బతిమాలుతుంది. ఒంటరిగా ఉన్న ఆడదానికి పీడకలలు వస్తాయనీ, ఒక్కోసారి తనంటే తనకే భయమేస్తుందనీ చెబుతుంది. ఈ రాత్రి తప్పదంటాడు బ్రౌన్. ఏ పని మీద పోతున్నాడో భార్యకు చెప్పడు. ఇది చెడ్డ పనేననీ, ఈ ఒక్క రాత్రి గడిస్తే మళ్ళీ ఫెయిత్ కొంగు పట్టుకుని స్వర్గానికి పోతాననీ తనలో అనుకుంటాడు.

అడవి దారిలో ఒక పెద్దమనిషి కలుస్తాడు. చూడ్డానికి బ్రౌన్ తండ్రిలా ఉంటాడు. చేతిలో నల్లపాములాంటి కర్ర. పాతిక కిలోమీటర్ల అవతలి బోస్టన్ నుంచి పావుగంటలో వచ్చానంటాడు. అపవాది అని మనకు వెంటనే తెలుస్తుంది. మావాళ్ళెవరూ ఇలాంటి పనికి అడవికి రాలేదని బ్రౌన్ అంటే, వాళ్ళంతా నాకు తెలిసినవాళ్ళేనంటాడు. మీ తాత క్వేకరు మతస్థురాలిని సేలం వీధుల్లో కొరడాతో కొట్టించినప్పుడు పక్కనున్నది తానే. మీ నాన్న అమెరికా ఆదివాసుల పల్లెకు నిప్పు పెట్టినప్పుడు కాగడా అందించిందీ తానే.

అదే దారిలో గుడీ క్లాయిస్ ఎదురవుతుంది. చిన్నప్పుడు బ్రౌన్‌కి మతపాఠాలు నేర్పిన ముసలమ్మ. ఆమె అపవాదితో పాత పరిచయస్తురాలిలా మాట్లాడుతుంది. తరవాత గుర్రాల డెక్కల చప్పుడు. పాస్టరుగారి గొంతు, డీకన్ గూకిన్ గొంతు. ఇంతలో ఒక నల్లమబ్బు తలమీదుగా పోతుంది. అందులో ఊరివాళ్ళ గొంతులు, వాటి మధ్య ఒక ఆడమనిషి ఏడుపు. ఫెయిత్ అని బ్రౌన్ కేకేస్తాడు. గాల్లోంచి ఏదో తేలుతూ దిగి కొమ్మకు చిక్కుకుంటుంది. అందుకుని చూస్తే గులాబీ రంగు రిబ్బను. దాంతో నా ఫెయిత్ పోయిందంటూ వెర్రెత్తినట్టు పరుగెత్తుతాడు.

అడవి నడుమ మండే చెట్ల మధ్య సభ. ఊళ్ళో భక్తులు, దొంగలు, తాగుబోతులు ఒకే వరసలో. కొత్తగా చేర్చుకునే ఇద్దరిలో ఒకడు బ్రౌన్, రెండోది ఫెయిత్. చివరి క్షణంలో పైకి చూడమనీ, దుష్టుణ్ణి ఎదిరించమనీ భార్యను ఉద్దేశించి అరుస్తాడు. ఆ మాట ఆమె విన్నదో లేదో తెలియదు. కళ్ళు తెరిచేసరికి అడవిలో ఒంటరిగా ఉంటాడు.

తెల్లారాక ఊళ్ళోకి వస్తాడు. పాస్టరుగారు సమాధుల తోట దగ్గర నడుస్తుంటారు, ఆయన దీవెనకు బ్రౌన్ వెనక్కి జంకుతాడు. డీకన్ ఇంట్లోంచి ప్రార్థన వినపడుతుంది, ఎవరిని ప్రార్థిస్తున్నాడో ఈ మాయగాడు అనుకుంటాడు. పొద్దున్నే పాలు తెచ్చిన చిన్నపిల్లకు గుడీ క్లాయిస్ పాఠం చెబుతుంటే, ఆ పిల్లను సైతాను చేతిలోంచి లాగినట్టు లాగేస్తాడు. ఫెయిత్ వీధిలోకి పరుగెత్తుకుంటూ వస్తుంది. నలుగురూ చూస్తున్నారన్న సంకోచం కూడా లేకుండా మొగుణ్ణి ముద్దు పెట్టుకోబోతుంది. బ్రౌన్ ఆమెను దిగులుగా, కఠినంగా చూసి, పలకరించకుండా పక్కనుంచి వెళ్ళిపోతాడు. ఆ రోజు నుంచి చచ్చేదాకా అదే చూపు. పిల్లలు పుడతారు, మనవలు పుడతారు. ముసలివాడై పోతే సమాధి మీద ఆశ నిండిన ఒక్క ముక్క కూడా చెక్కించలేదని చెప్పి కథ ముగుస్తుంది.

బ్రౌన్ చూసిందెంత?

ఇప్పుడు మాస్టారు చెప్పిన పని చేద్దాం. చూసినదాన్నీ చూశాననుకున్నదాన్నీ విడదీద్దాం.

పాస్టరుగారినీ డీకన్‌నూ బ్రౌన్ అసలు చూడలేదు. వంగి చూశాడు, మునివేళ్ళ మీద లేచి చూశాడు, కొమ్మలు పక్కకు తీసి చూశాడు. నీడ కూడా కనపడలేదు. వినపడ్డవి గొంతులు మాత్రమే. మబ్బులోంచి వచ్చినవీ గొంతులే, అవి అడవి సవ్వడేమోనన్న అనుమానం అతనికే కలుగుతుంది. సభలో ఫలానావాళ్ళున్నారని చెప్పేచోట హాథార్న్ "అనిపించింది", "అన్నారు కొందరు" అంటూనే పోతాడు. నిక్కచ్చిగా రాయగలిగిన రచయిత ఇన్నిసార్లు ఆచితూచి రాశాడంటే అది ఏమరుపాటు కాదు.

రెండు వస్తువుల దగ్గర ఇంకాస్త ఆగాలి. మొదటిది రిబ్బను. అడవిలో అది బ్రౌన్ చేతికి దొరికింది. భార్య ధర్మం తప్పిందనడానికి అతనికున్న ఒకే ఒక్క భౌతిక సాక్ష్యం అది. కాని తెల్లారాక ఫెయిత్ ఎదురొచ్చినప్పుడు ఆమె తల మీద గులాబీ రిబ్బన్లు ఉన్నాయి. హాథార్న్ ఆ సంగతి ప్రత్యేకంగా రాశాడు, బ్రౌన్ కళ్ళతోనే చూపించాడు. రాత్రి చేతికొచ్చిన రిబ్బను ఏమైందో బ్రౌన్ జేబు తడిమి చూసుకోడు. ఆమెనూ అడగడు.

రెండోది చెట్టుకొమ్మ. రాత్రంతా ఆ చెట్లు దివిటీల్లా మండాయి. సభ మాయమైన మరుక్షణం, మండుతూ వేలాడిన ఆ కొమ్మే అతని చెంప మీద చల్లటి మంచునీళ్ళు చిలకరించింది. మండిన కొమ్మకు మంచు పట్టదు. ఆ చల్లదనం అతని చర్మానికి తెలిసింది, మనసు దాకా పోలేదు. రాత్రి విన్నదాన్ని పరీక్షించుకోవడానికి హాథార్న్ అతనికి రెండు అవకాశాలిచ్చాడు. రెంటినీ కాలదన్నుకున్నాడు. అది కలా నిజమా అని విమర్శకులు ఎంతోకాలంగా తర్కించుకుంటున్నారు. ఆ ప్రశ్న వేసుకోవలసిన మొదటి మనిషి బ్రౌన్. అతడే వేసుకోలేదు.

సేలంలో నిజంగా జరిగింది

ఈ కథలోని పేర్ల వెనక చరిత్ర ఉంది. అది తెలియకపోతే కథ సగమే తెలిసినట్టు.

1692లో సేలం గ్రామంలో కొందరు ఆడపిల్లలకు మూర్ఛల్లాంటివి వచ్చాయి. ఫలానా ఆమె చేతబడి చేసిందన్నారు. నెలల్లో చుట్టుపక్కల ఊళ్ళన్నీ అంటుకున్నాయి. 19 మందిని ఉరి తీశారు, వారిలో 14 మంది ఆడవాళ్ళు. దాదాపు 80 ఏళ్ళ గైల్స్ కోరీని, విచారణకు ఒప్పుకోనందుకు, మీద బండరాళ్ళు పేర్చి చంపారు. మరికొందరు జైల్లోనే పోయారు.

ఇంతమందిని శిక్షించడానికి ఆధారమేమిటి? "ఆమె రూపం నాకు కనపడింది, నన్ను గిల్లింది, గొంతు నులిమింది" అని బాధితులు చెప్పిన మాట. ఆ సమయానికి ఆమె తన ఇంట్లో పొయ్యి దగ్గరుందని పదిమంది చెప్పినా లాభం లేదు. శరీరం అక్కడున్నా రూపం ఇక్కడికొచ్చిందంటారు. దీన్ని రూపసాక్ష్యం అనుకుందాం. తన రూపం ఇంకొకరికి కనపడలేదని ఏ మనిషి రుజువు చేయగలదు? అపవాది అమాయకుల రూపం కూడా ధరించగలడు కదా అని ఆనాటి మతపెద్దల్లోనే కొందరు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరం బలపడ్డాక, 1692 అక్టోబరులో గవర్నరు విలియం ఫిప్స్ ఆ ప్రత్యేక న్యాయస్థానాన్ని రద్దు చేశాడు.

ఇప్పుడు కథలో పేర్లు చూడండి. గుడీ క్లాయిస్, గుడీ కోరీ, మార్తా క్యారియర్. ముగ్గురూ 1692లో నిందపడ్డ నిజమైన స్త్రీలు. మార్తా కోరీ, మార్తా క్యారియర్ ఉరికంబమెక్కారు. సారా క్లాయిస్ కథ వింటే గుండె తరుక్కుపోతుంది. ఆమె అక్క రెబెకా నర్స్, 71 ఏళ్ళ మనిషి, ఊళ్ళో భక్తురాలిగా పేరున్న మనిషి. ఆమెను జైల్లో పెట్టాక వచ్చిన ఆదివారం పాస్టరు శామ్యూల్ ప్యారిస్ సంఘంలోనే అపవాదులున్నారన్న ధోరణిలో ప్రసంగం మొదలుపెట్టాడు. సారా లేచి బయటకు నడిచింది. ఆమె వెనక తలుపు ధడాలున మూసుకుంది. విసురుగా మూసిందో, గాలికే పడిందో. కొద్ది రోజుల్లోనే ఆమె మీదా నేరం మోపారు. అక్క రెబెకానూ, ఇంకో అక్క మేరీ ఈస్టీనీ ఉరితీశారు. సారా మాత్రం బతికి బయటపడింది.

అంటే బ్రౌన్ అడవిలో మంత్రగత్తెగా చూసిన ముసలమ్మకు హాథార్న్ పెట్టిన పేరు, చేయని నేరానికి అక్కలిద్దరినీ పోగొట్టుకున్న స్త్రీ పేరు. చరిత్ర తెలిసి రాసిన రచయిత ఆ పేరు ఊరికే పెడతాడా? బ్రౌన్ కళ్ళకు కనపడింది రూపసాక్ష్యమని చెప్పడానికే పెట్టాడు. 1962లో విమర్శకుడు డేవిడ్ లెవిన్ ఈ కథను రూపసాక్ష్యం కోణంలో వివరించాక, నాకు తోచినంతవరకు, ఆ వాదాన్ని పక్కన పెట్టి ఈ కథ చదవడం కుదరదు.

ఈ చరిత్ర హాథార్న్‌కి పుస్తకాల్లో దొరికింది మాత్రమే అనుకోకండి. 1804లో సేలంలోనే పుట్టాడు. అతని ముత్తాత తండ్రి జాన్ హాథార్న్ 1692లో నిందితులను ప్రశ్నించిన న్యాయాధికారుల్లో ఒకడు. జాన్ తండ్రి విలియం క్వేకర్లను హింసించినవాడు. కథలో అపవాది బ్రౌన్ తాత గురించి చెప్పే మాట హాథార్న్ సొంత వంశచరిత్ర. 1850లో వచ్చిన "ద స్కార్లెట్ లెటర్" ముందుమాటలో ఆ పూర్వీకుల తరఫున సిగ్గును తన తల మీద వేసుకున్నాడు. తీర్పు చెప్పేవాడి మనసులో ఏం జరుగుతుందన్నది ఆ ఇంటి మనిషికి రక్తంలో పట్టుకున్న ప్రశ్న.

విశ్వాసాన్ని వెతకడం

కథలో ఉపదేశముంది, సంకేతముంది. భార్య పేరే విశ్వాసం. తెలుగువాళ్ళకు ఈ పద్ధతి కొత్త కాదు. 11వ శతాబ్దంలో కృష్ణమిశ్రుడు సంస్కృతంలో రాసిన "ప్రబోధచంద్రోదయం" నాటకాన్ని 15వ శతాబ్దంలో నంది మల్లయ, ఘంట సింగయ అనే జంటకవులు తెలుగు కావ్యం చేశారు. అందులో వివేకుడు రాజు, మహామోహుడు శత్రువు. శాంతి, కరుణ, శ్రద్ధ అందరూ మనుషులై నడుస్తారు.

శ్రద్ధ అంటే విశ్వాసమే. ఆమె తప్పిపోతుంది. కూతురు శాంతి తల్లిని వెతుక్కుంటూ, కరుణను వెంటబెట్టుకుని ఒక్కొక్క మతం గడపా తొక్కుతుంది. వెళ్ళిన ప్రతిచోటా శ్రద్ధ పేరుతో ఒకామె కనపడుతుంది. ఆ పేరు వినగానే శాంతి గుండె ఝల్లుమంటుంది. మా అమ్మ ఇక్కడికి చేరిందా, ఇలా అయిపోయిందా అని. అయినా అక్కడితో ఆగదు. నిదానించి చూస్తుంది. వేషం చూస్తుంది, నడవడి చూస్తుంది. పేరు ఒకటే అయినా ఈమె తామసి, మా అమ్మ సాత్త్వికి అని తేల్చుకుని ముందుకు కదులుతుంది. ఇతర మతాల మీద ఆ నాటకం చేసిన పరిహాసంతో ఇవాళ మనం ఏకీభవించనక్కర్లేదు. వెతికే పద్ధతి మాత్రం నేర్చుకోదగ్గది. శాంతి పక్కన కరుణ ఉంది, అందుకే ఆమె అన్వేషణ తల్లి దగ్గరకు చేరింది.

బ్రౌన్ పక్కన కరుణ లేదు. ఒక్క రిబ్బను ముక్క చూసి భార్య పోయిందనుకున్నాడు, ఆ వెంటనే విశ్వాసమూ పోయిందనుకున్నాడు. ఫెయిత్ అతని కళ్ళకు మొదటి నుంచీ సంకేతంగానే కనపడింది. ఆమె దేవదూత, ఆమె కొంగు పట్టుకుంటే స్వర్గం. భయం వేస్తోందని ఆమె నోరు విడిచి చెప్పినా, ఆ భయమేమిటని అడగలేదు. తనలాగే తప్పటడుగు వేయగల మనిషి అనీ, తనలాగే పైకి చూసి నిలదొక్కుకోగల మనిషి అనీ అతనికి తోచలేదు. మనిషిని గుర్తుగా మార్చుకుని బతికితే ఇంతే. గుర్తుకు మచ్చ పడితే పారేస్తాం. మనిషికి తప్పు జరిగితే మాట్లాడతాం.

సగం సిద్ధాంతం

ఈ కథ క్రైస్తవ విశ్వాసాన్ని ఎగతాళి చేస్తుందని కొందరంటారు. నేనలా అనుకోను. కృష్ణా డెల్టాలో 1841లో బందరు చేరిన మిషనరీల కాలం నుంచి ఈ విశ్వాసం ఎన్నో తెలుగు ఇళ్ళలో వేళ్ళూనుకుంది. ఆ ఇళ్ళ నుంచి వచ్చినవారు ఈ సభలోనూ ఉన్నారు. పాపం, శోధన, కృప అన్న మాటలు నాకన్నా వారికే బాగా తెలుసు.

బ్రౌన్, అతని ఊరివాళ్ళు ప్యూరిటన్లు, అంటే కాల్విన్ బోధ అనుసరించినవాళ్ళు. ఆదాము పతనంతో మనుషులంతా పాపులయ్యారనీ, ఎవరూ తమ మంచితనంతో రక్షణ పొందలేరనీ, అది దేవుని కృప వల్లనేననీ వారి నమ్మకం. న్యూ ఇంగ్లండు సంఘాల్లో పూర్తి సభ్యత్వం కావాలంటే తనలో కృప పనిచేసిందని సంఘం ముందు సాక్ష్యం చెప్పాలి, సంఘం దాన్ని పరీక్షించాలి. పొరుగువాడి ఆత్మను తూకం వేసే అలవాటు అక్కడే మొలకెత్తింది.

ఆ బోధ పూర్తిగా నమ్మినవాడైతే బ్రౌన్‌కి అడవిలో ఆశ్చర్యపడాల్సిందేముంది? అందరూ పాపులేనని చిన్నప్పటి నుంచీ చదువుకున్న పాఠమే కదా. అపవాది కొత్తగా చెప్పిందేమీ లేదు. తాత, తండ్రి, పాఠం చెప్పిన ముసలమ్మ, భార్య, వీళ్ళకు మాత్రం ఆ పాఠం వర్తించదని బ్రౌన్ లోపల్లోపల ఒక మినహాయింపు రాసుకున్నాడు. అది చెరిగిపోయేసరికి కుప్పకూలాడు. పాపం గురించిన సగాన్ని గట్టిగా పట్టుకుని, కృప గురించిన సగాన్ని అడవిలో వదిలేసి వచ్చాడు. అందుకే ఆదివారం సంఘంలో కీర్తనలు పాడుతుంటే అతనికి వినబుద్ధి కాదు. ఇంట్లో ప్రార్థనకు కూర్చుంటే మొహం చిట్లించుకుంటాడు.

ఇంకొక్క మాట. ఆ రాత్రి అడవికి తన కాళ్ళతో తాను నడిచివెళ్ళింది బ్రౌన్. కథలో నిస్సందేహంగా తేలే తప్పు అదొక్కటే. ఊరందరినీ దోషులుగా నిలబెట్టిన మనిషి ఆ జాబితాలో తన పేరు రాసుకోలేదు. మనవాళ్ళు ఎవరో ఒకరి తప్పు తెలిసిందనగానే "నాకు ముందే తెలుసు" అంటారే, ఆ స్వరంలో ఉండే ధీమా ఇదే.

తప్పు తీర్పు తరవాత

సేలం నిందల తరవాత కొందరు మరో దారి పట్టారు. 1692 నాటి ప్రత్యేక న్యాయస్థానంలో న్యాయమూర్తిగా కూర్చున్న శామ్యూల్ స్యూయల్ 1697 జనవరి 14న, బోస్టన్ చర్చిలో, నలుగురి ముందూ లేచి నిలబడ్డాడు. తప్పు తనదేనని ఒప్పుకుంటూ, క్షమించమని కోరుతూ తాను రాసిన కాగితాన్ని పాస్టరు చదువుతుంటే, చదవడం అయ్యేదాకా అలా నిలబడే ఉన్నాడు. 1706లో ఆన్ పట్నం, చిన్నతనంలో ఎందరి మీదో నింద వేసిన పిల్ల, పెద్దదై సంఘం ముందు క్షమాపణ చెప్పుకుంది. 1711లో మసాచుసెట్స్ ప్రభుత్వం చాలామంది మీద శిక్షలు రద్దు చేసి కుటుంబాలకు పరిహారం ఇచ్చింది. చిట్టచివరగా ఎలిజబెత్ జాన్సన్ పేరు మీది మచ్చ 2022లో తొలగింది. కొన్ని నెలల భయం వేసిన ముద్ర చెరగడానికి 330 ఏళ్ళు పట్టింది.

స్యూయల్ కూడా బ్రౌన్ లాంటి ప్యూరిటనే. అదే బైబిలు, అదే బోధ. తాను నమ్మిన సాక్ష్యాన్ని అతడు మళ్ళీ తిరగదోడాడు, బ్రౌన్ ఆ పని చేయలేదు. అంత కఠినమైన విశ్వాసంలోనూ తప్పు ఒప్పుకునే చోటు ఉందని స్యూయల్ చూపించాడు. కాబట్టి బ్రౌన్ చీకటికి మతం మొత్తాన్నీ తప్పుపట్టడం న్యాయం కాదు.

మన అడవులు

ఇదంతా అమెరికా సంగతి అనుకుని ఇంటికి పోలేం. చేతబడి, బాణామతి పేరిట తెలంగాణ పల్లెల్లో ముసలివాళ్ళనూ పేదవాళ్ళనూ కొట్టి చంపిన ఘటనలు మన పత్రికల్లో వచ్చాయి. మంత్రం నోట పలక్కుండా చేయాలని పళ్ళు ఊడబెరికిన ఘటనలూ వచ్చాయి. ఇంట్లో బిడ్డకు జబ్బు చేస్తుంది, గేదె చస్తుంది. భూతవైద్యుడు ఒక పేరు సూచిస్తాడు. ఆ పేరు తరచు ఒంటరి మనిషిదో, పొలం గట్టు తగాదా ఉన్నవారిదో అవుతుంది. సేలం గురించి బాయర్, నిస్సెన్‌బామ్ 1974లో రాసిన పుస్తకం కూడా ఈ సంగతే చూపించింది. నిందల వెనక ఆ ఊరి భూముల తగాదాలూ వర్గాల పోరూ ఉన్నాయి.

మన జిల్లాల్లోనే దీనికి ఎదురు నిలిచినవారున్నారు. 1940లో గోరా, సరస్వతి గోరా దంపతులు ఉయ్యూరు దగ్గరి ముదునూరులో నాస్తిక కేంద్రం ప్రారంభించారు. 1947లో అది విజయవాడ పటమటకు మారింది. ఆ కేంద్రం కార్యకర్తలు పల్లెలకు వెళ్ళి, నిప్పుల మీద నడిచి చూపించి, మహిమలనుకున్నవాటి వెనకున్న కిటుకు విప్పి చెప్పి, చేతబడి భయం పోగొట్టడానికి పనిచేశారు. గోరా దేవుణ్ణి నమ్మలేదు, స్యూయల్ దేవుణ్ణి తప్ప దేన్నీ నమ్మలేదు. అయినా ఒక విషయంలో ఇద్దరిదీ ఒకే బాట. ఒక మనిషి మీద వేసిన నింద పగటి వెలుగులో, పదిమంది ముందు, పరీక్షకు నిలవాలి.

చదువుకున్నవాళ్ళం మాకీ జబ్బు లేదనుకోవద్దు. 2018 మే నెల గుర్తు తెచ్చుకోండి. పార్థీ గ్యాంగు పిల్లల్ని ఎత్తుకుపోతోందని వాట్సాప్‌లో వీడియోలు తిరిగాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జనం కర్రలు పట్టుకుని రాత్రిళ్ళు కాపలా కాశారు. దారి తప్పినవాళ్ళ మీద, మతిస్థిమితం లేనివాళ్ళ మీద, భాష రానివాళ్ళ మీద దాడులు జరిగాయి. ప్రాణాలు పోయాయి. ఆ వీడియో పంపినవాడు అడవిలో ఎదురైన పెద్దమనిషి లాంటివాడే. మనకు బాగా తెలిసిన మొహంతో వస్తాడు, తండ్రిలా మాట్లాడతాడు, పావుగంటలో ఎక్కడెక్కడి కబురో మోసుకొస్తాడు.

ఈ ఊరికి నాటకం బాగా తెలుసు. గత శతాబ్దం మొదట్లో మైలవరం జమీందార్లు బాలభారతి నాటక సమాజాన్ని పోషించారు. యడవల్లి సూర్యనారాయణ వంటి నటులు ఆ సమాజంలో వేషాలు కట్టారు. రంగం మీద దుర్మార్గుడి వేషం కట్టినవాణ్ణి తెల్లారి బజారులో కనపడితే పేరు పెట్టి పలకరించే ఊరు ఇది. వేషాన్నీ మనిషినీ కలిపేయకూడదన్న తెలివి మనకు ఉంది. ఎదుటివాడి మీద నింద పడ్డప్పుడు ఆ తెలివి మనతో ఉండాలి.

విద్యార్థులకు

ఈ కథ మీద మీరు పరీక్షలో ఏం రాసినా, ఒక్క ప్రశ్న మాత్రం వదలొద్దు. తెల్లారాక ఫెయిత్ పరుగెత్తుకుంటూ వచ్చినప్పుడు బ్రౌన్ ఆగి, "రాత్రి నువ్వెక్కడున్నావు? నేనెక్కడికి పోయానో చెబుతాను, విను" అని ఉంటే కథ ఏమయ్యేది? ఆ రెండు ముక్కల్లో ఎదుటివారిని అడగడమూ ఉంది, తన తప్పు తాను చెప్పుకోవడమూ ఉంది. భార్య జవాబు మంచిదే కావచ్చు, చెడ్డదే కావచ్చు. ఏదైనా అది ఒక మనిషి నోటి నుంచి వచ్చిన జవాబు అయ్యేది. దానితో కాపురం చేయవచ్చు, పోట్లాడవచ్చు, క్షమించవచ్చు. బ్రౌన్ మౌనంతో అవేవీ కుదరవు. ఫెయిత్ జీవితకాలమంతా విచారణ లేని ముద్దాయిగా అతని పక్కనే బతికింది. ముసలిదై అతని శవం వెంట నడిచింది. ఆమె మీద పడ్డ నేరమేమిటో ఆమెకు ఎవరూ చెప్పలేదు. పరువు పోతుందనీ, మాట వస్తుందనీ మాట్లాడకుండా ఏళ్ళ తరబడి మొహాలు ముడుచుకుని బతికే ఇళ్ళు మన మధ్యా ఉన్నాయి. ఈ కథ వాళ్ళది కూడా.

చీకట్లో ఒకరి గురించి ఏదో తెలియడం ఎవరికైనా జరుగుతుంది. దాన్ని మీ చేతుల్లోంచి మరొకరి చేతుల్లోకి దాటించేముందు ఆ మనిషి దగ్గరకు వెళ్ళండి, మొహం చూసి అడగండి. మీరు నమ్మింది తప్పని తేలితే స్యూయల్ లాగా అందరి ముందూ నిలబడి ఒప్పుకోండి. అడిగే ధైర్యం, ఒప్పుకునే ధైర్యం, ఈ రెండూ ఉన్న ఊళ్ళో నమ్మేవాడికీ నమ్మనివాడికీ నిశ్చింతగా బతికే చోటు ఉంటుంది. అవి లేని ఊరు ఎన్ని ప్రార్థనలు చేసినా, ఎన్ని డిగ్రీలు సంపాదించినా, ఏదో ఒక రోజు సేలం అవుతుంది. అలా కాకుండా కాపాడుకోవడం చదువుకున్న ప్రతి ఒక్కరి బాధ్యత.